చైనా వలస కుటుంబాల కొట్లు నాలుగో తరం దాకా ఎలా వచ్చాయి? మన రాజాం, పలాస వాళ్ళకి పనికొచ్చేదేటి?

రాజాం_సంత

అందరికీ నమస్కారం. రాజాం, పార్వతీపురం, పలాస-కాశీబుగ్గ, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల, ఎక్కడ చూసినా తాతలు పెట్టిన కొట్లు, మిల్లులు మూడో తరం చేతికొచ్చేసరికి పంపకాల దగ్గర ఆగిపోతున్నాయి. ఈ మాట ఎత్తితే చాలు, వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు "సింగపూర్, మలేషియా చైనావాళ్ళని చూడండి, విడిపోరు, అందుకే నిలబడతారు" అని పెడుతున్నారు. ఇది ఎంతవరకు నిజమో తెలిసినవాళ్ళు చెప్పాలి.

నా ప్రశ్నలు ఇవి. వాళ్ళు నిజంగా పంచుకోరా? పంచుకుంటే కొట్టు ఎలా బతుకుతుంది? కూతుళ్ళు, అల్లుళ్ళ సంగతేటి? భాష పోయి, పేర్లు మారిపోయిన తర్వాత కూడా "మేం చైనావాళ్ళం" అన్నది మూడు నాలుగు తరాలు ఎలా మిగులుతోంది? ఇంకొకటి: మన జిల్లాల నుంచి బర్మా, మారిషస్, మలయాకు వేలమంది వెళ్ళారు కదా, అక్కడ మనవాళ్ళ కొట్లు అలా ఎందుకు పుట్టలేదు?

పేర్లు, సంవత్సరాలు, కాగితం మీద ఏం రాసుకోవాలి, ఎక్కడ చెడుతుంది, ఇవన్నీ వివరంగా చెప్పండి. "ఐకమత్యమే బలం" తరహా మాటలు మాత్రం వద్దండి.

---

నాగావళి_ఒడ్డు

రాజాం గారూ, ఆ ఫార్వర్డ్ తలకిందులుగా ఉంది. చైనా సంప్రదాయంలో పంపకం తప్పనిసరి. దాన్ని ఫెన్‌జియా అంటారు. అన్నదమ్ములందరికీ సమాన వాటాలు, కొన్నిచోట్ల పెద్దవాడికో పెద్ద మనవడికో కాస్త ఎక్కువ. ఇంగ్లండ్‌లోలాగా పెద్దకొడుకే అంతా తీసుకోవడం అక్కడ లేదు. విడిపోవడానికి వాళ్ళు వాడే ఇంకో మాటకి అర్థం "పొయ్యి వేరు చేయడం". మనం వేరు కుంపటి అంటామే, అచ్చంగా అదే.

పంపకం జరిగే తీరు కూడా మనకి కొత్త కాదు. ఆస్తిని వీలైనంత సమానంగా కుప్పలు చేస్తారు. తల్లిదండ్రుల పోషణకి కొంత పక్కన పెడతారు, పెళ్ళికాని పిల్లల ఖర్చుకి కొంత పెడతారు. మిగిలిన కుప్పలకి చీటీలు వేసి తీస్తారు. ఆ కాగితానికే "చీటీల పత్రం" అని పేరు. ఎవరికి ఏ పొలం, ఏ గది, ఏ బాకీ వచ్చిందో అందులో రాసి, అన్నదమ్ములంతా గుర్తు పెట్టి, తలా ఒక ప్రతి దాచుకుంటారు. మధ్యవర్తి ఎవరనుకున్నారు? మేనమామ. "ఆకాశంలో ఉరుముల దేవుడు, భూమ్మీద మేనమామ" అని దక్షిణ చైనాలో సామెతే ఉంది. తండ్రి వైపు చుట్టాలకి ఆస్తిలో ఎక్కడో ఒక కన్ను ఉంటుంది. మేనమామకి ఆ ఇంటి ఆస్తిలో వాటా రాదు, చెల్లెలి పిల్లలందరూ ఒకటే. అందుకే ఆయన మాట చెల్లుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ముగ్గురు కొడుకులు, ఒక్కొక్కరికి ముగ్గురేసి. మనవల తరానికి 9 మంది, తలా 11 శాతం. తర్వాతి తరానికి 27 మంది, తలా 4 శాతం కూడా ఉండదు. కొట్టులో కూర్చుని పని చేసేవాడికీ 4 శాతమే, ఇంకో దేశంలో డాక్టరుగా ఉన్నవాడికీ 4 శాతమే. మొదటివాడు లాభాన్ని సరుకులో పెడదామంటాడు, రెండోవాడు పంచమంటాడు. ఇద్దరిదీ న్యాయమే. "సంపద మూడు తరాలు దాటదు" అని చైనావాళ్ళే అనుకోవడానికి కారణం ఈ లెక్కే. చెడ్డ కొడుకులు పుట్టనక్కర్లేదు.

పేరుమోసిన కుటుంబాల్లో జరిగింది చూస్తే ఇంకా తెలుస్తుంది.

యూ యన్ సాంగ్: 1879లో మలయాలోని పేరాక్ ప్రాంతం గోపెంగ్‌లో, తగరం గనుల కూలీల కోసం పెట్టిన మూలికల కొట్టు. రెండో తరం యూ టాంగ్ సెన్ దాన్ని సింగపూర్, హాంగ్‌కాంగ్ దాకా పెంచాడు. 1941లో పోయాడు, 13 మంది కొడుకులు. తర్వాత నియంత్రణ కుటుంబం చేయి దాటిపోయింది. 1990ల్లో మనవడు రిచర్డ్ యూ బంధువుల్లో కొందరితో కలిసి దాన్ని తిరిగి కొన్నాడు. 2024లో జపాన్ సంస్థలు రోటో, మిత్సుయి తీసుకున్నాయి. కొట్టు పేరుకి ఇప్పుడు 145 ఏళ్ళు దాటాయి, యాజమాన్యం మాత్రం ఆ ఇంటిది కాదు.

యో హియాప్ సెంగ్: ఫుజియాన్ రాష్ట్రంలో సోయా సాస్ తయారీతో మొదలై 1930ల్లో సింగపూర్ వచ్చింది. కుటుంబ వాటాలన్నీ ఒకే హోల్డింగ్ కంపెనీలో పెట్టుకున్నారు. కలిసున్నంతకాలం అది కోట. కానీ విడిగా బయటపడే దారి ఎవరికీ లేకపోవడంతో తగాదా వచ్చినప్పుడు మొత్తం కోటే కూలింది. 1990ల మధ్యలో ఆ హోల్డింగ్ కంపెనీ విడిపోయింది, 1995లో సంస్థ స్థిరాస్తి వ్యాపారి ఎన్‌జీ టెంగ్ ఫాంగ్ చేతికి పోయింది.

లీ కుమ్ కీ, మన చైనీస్ బళ్ళ దగ్గర కూడా కనిపించే సాస్ సీసాల కంపెనీ: 1888లో గ్వాంగ్‌డాంగ్ తీరంలో లీ కుమ్ షియుంగ్ మొదలుపెట్టాడు, 1902లో మకావు, 1932లో హాంగ్‌కాంగ్. ఇది ఆ కుటుంబం చేతిలోనే ఎందుకుందంటే, రెండుసార్లు విడిపోయారు కాబట్టి. 1970ల్లో ఒకసారి మూడో తరం లీ మన్ టాట్ తండ్రి అన్నదమ్ముల వైపు వాటాలు, 1980ల్లో మరోసారి ఆయన తమ్ముడి వాటా, నగదు ఇచ్చి కొనేశారు. ప్రతి తరంలోనూ యాజమాన్యం ఒకే కొమ్మకి కుదించుకుంది. ఆ రెండు దెబ్బలు తిన్నాక, 2000ల మొదట్లో లీ మన్ టాట్ పిల్లలతో కుటుంబ మండలి పెట్టి నియమావళి రాయించాడు. కంపెనీ బోర్డు వేరు, కుటుంబ మండలి వేరు. మండలి మూడు నెలలకోసారి కూర్చుంటుంది. పిల్లలు కంపెనీలోకి రావాలంటే ముందు కొన్నేళ్ళు బయట పని చేసి రావాలి.

కాబట్టి రాజాం గారూ, విడిపోవడం తప్పు కాదు. కొట్టుని ముక్కలు చేయకుండా మనుషులు విడిపోయే దారి ముందే రాసిపెట్టుకున్నారా లేదా అన్నదే అసలు సంగతి.

---

బొబ్బిలి_చిట్టాఆవర్జా

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, కాగితం సంగతి రాస్తాను. మన దగ్గర ఎక్కువ కొట్లు భాగస్వామ్య సంస్థలే, 1932 చట్టం కింద. ఒప్పంద పత్రం తాతల నాటి నాలుగు పేజీల నకలు. అందులో ఉండాల్సినవి, సాధారణంగా లేనివి చెబుతాను.

భాగస్తుడు చనిపోతే సంస్థ కొనసాగుతుందని రాసి లేకపోతే, 42వ సెక్షన్ ప్రకారం అది రద్దయిపోతుంది. భాగస్తులు ఇద్దరే ఉంటే, అలా రాసినా లాభం లేదు. ఒక్కడు మిగిలితే అది భాగస్వామ్యం అనిపించుకోదు. అందుకని కనీసం ముగ్గురు ఉండాలి. మైనరు పిల్లల్ని 30వ సెక్షన్ కింద లాభాల వరకు చేర్చుకోవచ్చు. వాళ్ళకి 18 నిండాక ఆరు నెలల్లో ఉంటామో ఉండమో ప్రకటించాలి, నోరు మెదపకపోతే పూర్తి భాగస్తులైపోతారు, అప్పులతో సహా. ఇది తెలియక ఇంజినీరింగ్ చదువుకుంటున్న కుర్రాడి మీద బ్యాంకు బాకీ పడుతుంది. సంస్థ రిజిస్టరు కాకపోతే 69వ సెక్షన్ అడ్డం వస్తుంది, బాకీదారు మీద దావా వేయలేరు.

బయటికెళ్ళే వాటాకి ధర కట్టే పద్ధతి ముందే రాయాలి. తగాదా వచ్చాక ఏ పద్ధతి చెప్పినా ఒకరికి అన్యాయంగానే వినిపిస్తుంది. మామూలుగా పనికొచ్చే లెక్క ఒకటి: గత మూడేళ్ళ సగటు లాభం 18 లక్షలు అనుకోండి. కొట్టులో కూర్చునే ఇద్దరు అన్నదమ్ములకి నెలకి 25 వేలు చొప్పున జీతం కట్టండి, ఏడాదికి 6 లక్షలు. అది తీసేస్తే 12 లక్షలు. దానికి మూడు రెట్లు, 36 లక్షలు పేరు విలువ. మూడో వంతు వాటాదారుకి 12 లక్షలు. సరుకు, రావలసిన బాకీలు లెక్కగట్టి తేల్చిన మూలధనం ఖాతా నిల్వ దీనికి వేరే. చెల్లింపు మూడు నెలలకో లక్ష చొప్పున 12 వాయిదాలు, వడ్డీతో. ఆ జీతం తీయకుండా లెక్క కడితే, పనిచేసేవాడు తన చెమటకి తనే ధర చెల్లించినట్టవుతుంది. తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. లెక్క తేలకుండా నాన్చితే 37వ సెక్షన్ ఉంది: బయటికెళ్ళినవాడు తన సొమ్ము వాడుకున్నందుకు లాభంలో వాటా గానీ ఏటా 6 శాతం వడ్డీ గానీ, తనకి ఏది లాభమైతే అది అడగొచ్చు.

షాన్సీ రాష్ట్రపు పాత చైనా వర్తకులు ఈ చిక్కుని ఇంకోలా విప్పారు. డబ్బు వాటా, మనిషి వాటా అని రెండు రకాలు. గుమాస్తాగా చేరి పైకొచ్చినవాడికి పెట్టుబడి లేకుండానే మనిషి వాటా ఇస్తారు, మూడు నాలుగేళ్ళకోసారి తీసే పెద్ద లెక్కలో లాభం వస్తుంది. నష్టం మాత్రం డబ్బు వాటాలదే. వలస వెళ్ళిన చోట కూడా ఈ ఆలోచన కొనసాగింది. మన "వర్కింగ్ పార్ట్‌నర్" మాటకి ఇంత స్పష్టత ఉండదు. పత్రంలో రాసుకోండి: పని మానేసిన రోజు మనిషి వాటా ఆగిపోతుంది, అది కొడుక్కి వారసత్వంగా రాదు.

పంపకం తేదీ గురించి పలాస వాళ్ళకి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో గోడౌన్ నిండా అరువు మీద కొన్న జీడిపిక్కలుంటాయి, అప్పుడు పెట్టుకోకండి. కొత్త పిక్కలు దిగే ముందు, ఫిబ్రవరిలో, సరుకు తక్కువున్నప్పుడు తాళం వేసి లెక్కపెట్టండి. 80 కిలోల బస్తాల్లో పచ్చి పిక్కలు వేరు, ఉడికించినవి వేరు, పగలగొట్టి పొరతో ఉన్న పప్పు వేరు, పొర తీసి గ్రేడ్ చేసిన గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు. ఒక్కోదానికి ఒక్కో ధర. నిల్వలో తేమ పోయి పిక్కల బరువు తగ్గుతుంది కాబట్టి పుస్తకంలో బరువు కాదు, ఆ రోజు కాటా బరువే ప్రమాణం. చైనా వర్తకులు కూడా తమ కొత్త సంవత్సరానికి ముందే, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో, బాకీలు తీర్చి ఖాతాలు మూస్తారు.

ఇంకో మూడు చిన్నవి. బోర్డు మీద పేరుని ట్రేడ్‌మార్కుగా సంస్థ పేరునే రిజిస్టరు చేయించండి, ఒక అన్నదమ్ముడి పేరున కాదు. పదేళ్ళకోసారి పునరుద్ధరించాలి. లేకపోతే వీధికి అటూ ఇటూ ఒకే పేరుతో రెండు బోర్డులు లేస్తాయి. ఏకయజమాని చనిపోతే వారసుడు కొత్త జీఎస్టీ నంబరు తీసుకుని, పాత నంబరులో మిగిలిన పన్ను జమని ఐటీసీ-02 ఫారంతో మార్పించుకోవాలి. కొట్టు నడిచే భవనం మీద హక్కుని, కొట్టు మీద హక్కుని ఒకే పత్రంలో కలపకండి. భవనం సంస్థకి అద్దెకిచ్చినట్టు రాస్తే, బయటికెళ్ళిన తమ్ముడికి అద్దె వస్తూ ఉంటుంది, కొట్టు తాళం మాత్రం అడగడు.

---

రాజాం_సంత

చాలా ఉపయోగం గురువుగారూ. మా రాజాంలో పుట్టిన జీఎంఆర్ సంస్థ కుటుంబం కూడా రాతపూర్వకంగా నియమావళి పెట్టుకున్నారని అందరికీ తెలుసు, కానీ అది పెద్దవాళ్ళ వ్యవహారం అనుకుంటారు. చిన్న కొట్టుకి కూడా వర్తిస్తుందని ఇప్పుడు అర్థమైంది. కూతుళ్ళ సంగతి, బర్మా సంగతి ఎవరైనా చెప్తారా?

---

కళింగపట్నం_రేవు

బర్మా సంగతి నేను చెప్తాను బావూ. దీనికి జవాబు రక్తంలో వెతక్కూడదు, ఓడ ఎక్కిన తీరులో వెతకాలి.

కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి రంగూన్ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మేస్త్రీ చేయి కింద వెళ్ళారు. మేస్త్రీ ఊళ్ళోనే బయానా ఇస్తాడు, ఓడ ఖర్చు పెట్టుకుంటాడు, అక్కడ కూలిలోంచి కోసుకుంటాడు. రేవు పని, బియ్యం మిల్లులు, రిక్షా, పాకీ పని. మగవాళ్ళే ఎక్కువ, రెండు మూడేళ్ళు చేసి తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. చేతిలో డబ్బు నిలిచే లోపే మేస్త్రీ లెక్కలోకి పోతుంది. బర్మావాళ్ళు మనల్ని "కోరంగీలు" అన్నది కోరంగి రేవు పేరు మీదే. మే 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మా కూలీల్ని పెట్టుకుని, సమ్మె తీరాక తీసేశారు. దాంతో ఊచకోత జరిగింది. అంటే మనవాళ్ళ గుర్తింపు కూలి పని చుట్టూ అల్లుకుంది. అప్పులిచ్చే పెట్టుబడి తమిళ చెట్టియార్ల దగ్గర ఉంది, కొట్టు చైనావాళ్ళ దగ్గర ఉంది.

చైనావాళ్ళు కూడా అందరూ వర్తకులు కాదు, అది గుర్తుంచుకోవాలి. బర్మా జనం వాళ్ళని రెండుగా పిలిచేవాళ్ళు. "పొడుగు చేతులు" అంటే పొడుగు చొక్కాల హొక్కియన్ వర్తకులు, ఫుజియాన్ నుంచి వచ్చినవాళ్ళు, "పొట్టి చేతులు" అంటే కాంటన్ నుంచి వచ్చిన వడ్రంగులు, చేతిపనివాళ్ళు. పొట్టి చేతులవాళ్ళు కొట్టు పెట్టాలంటే పెట్టుబడి ఎక్కడిది? వాళ్ళలో వాళ్ళు వేసుకునే చీటీ. దాన్ని హుయి అంటారు. నెలకోసారి అందరూ సొమ్ము వేయడం, ఎవరు ఎక్కువ తగ్గింపుకి పాడితే వాళ్ళు తీసుకోవడం, అచ్చు మన పాట చీటీ. ఒకే ఊరివాళ్ళనో ఒకే ఇంటిపేరువాళ్ళనో చేర్చుకునేవాళ్ళు, ఎగ్గొడితే అక్కడ ఊళ్ళో ఇంట్లో కూడా తలెత్తుకోలేరు కాబట్టి. మేస్త్రీ బయానా మనిషిని పనికి కట్టేసింది, చీటీ మనిషిని పని నుంచి విడిపించింది. తేడా అక్కడుంది. ఇప్పుడు ఇక్కడ ఎవరైనా అలా మొదలుపెడదామనుకుంటే, 1982 చిట్‌ఫండ్ల చట్టం ఉంది, రిజిస్టరు చేయించాలి.

1962లో సైన్యం వచ్చాక, 1963, 1964లలో బ్యాంకులు, తర్వాత కొట్లు జాతీయం చేశారు. మే 1964లో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశారు. భారతీయుల కొట్లు, చైనావాళ్ళ కొట్లు ఒకే దెబ్బకి పోయాయి. మనవాళ్ళు వేలాదిగా ఓడలెక్కి వచ్చేశారు, విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా మిగిలిందే. 1967లో రంగూన్‌లో చైనావాళ్ళ మీద దాడులు జరిగాయి. అయినా చాలామంది అక్కడే ఉండి, పిల్లలకి బర్మా పేర్లు పెట్టి, గుడిని మాత్రం వదలకుండా కొట్టు మళ్ళీ తెరిచారు.

---

గంటస్తంభం_వీధి

పేర్లు, భాష గురించి నేను అందుకుంటాను. ఇది నాకు చాలా దగ్గరి విషయం.

చైనావాళ్ళకీ మనకీ ఒక పోలిక ఉంది: ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళి చేసుకోకూడదన్న పట్టింపు కూడా ఉంది. పైగా వాళ్ళకి తరం అక్షరం ఉంటుంది. వంశానికో పద్యం ఉంటుంది, అందులో ఒక్కో అక్షరం ఒక్కో తరానిది, అన్నదమ్ములందరి పేర్లలో ఆ అక్షరం వస్తుంది. పేరు వినగానే వీడు నాకు తమ్ముడి వరసా, బాబాయి వరసా తెలిసిపోతుంది.

వలస వెళ్ళాక ఒక్కో దేశం ఆ పేరుని ఒక్కోలా విరిచింది. థాయిలాండ్‌లో 1921లో బ్యాంకాక్‌లో విత్తనాల కొట్టు పెట్టిన చియా కుటుంబం, ఇప్పటి చరోయెన్ పోక్‌ఫాండ్ సంస్థవాళ్ళు, చియారవనొంత్ అన్న థాయి ఇంటిపేరు తీసుకున్నారు. మొదటి ముక్కలో చియా దాక్కునే ఉంది. నలుగురు కొడుకుల చైనా పేర్లు జెంగ్‌మిన్, దామిన్, జాంగ్‌మిన్, గువోమిన్. "మిన్" అందరికీ ఉమ్మడి. మొదటి అక్షరాలు వరసగా చదివితే "జెంగ్‌దా జాంగ్‌గువో". జెంగ్‌దా అన్నది సంస్థ చైనా పేరు, జాంగ్‌గువో అంటే చైనా దేశం. బయట మాత్రం వాళ్ళవి జరన్, మోంత్రి, సుమేత్, ధనిన్ అనే థాయి పేర్లు.

ఇండోనేషియాలో 1966లో పేర్లు మార్చుకోమన్నారు, 1967లో బహిరంగంగా పండగలు చేయొద్దన్నారు, చైనా బడులు మూతబడ్డాయి. లిమ్ ఇంటివాళ్ళు సలీమ్, హలీమ్ అయ్యారు, తాన్ ఇంటివాళ్ళు తానోతో, సుతాంతో అయ్యారు. అక్షరం లోపల ఇంటిపేరు దాచుకున్నారు. 2000లో ఆ పండగల నిషేధం తీసేశారు, 2003 నుంచి వాళ్ళ కొత్త సంవత్సరం జాతీయ సెలవు. మధ్యలో పుట్టిన తరానికి భాష రాదు, దీపం పెట్టే పద్ధతి మాత్రం వచ్చు. ఫిలిప్పీన్స్‌లో "కో" అని ముగిసే ఇంటిపేర్లున్నాయి, కొహువాంగ్కో లాంటివి. ఆ "కో" అంటే అన్న. తాతని ఊళ్ళో అందరూ అన్నా అని పిలిచిన పిలుపే దస్తావేజులో ఇంటిపేరైపోయింది.

మారిషస్ చూస్తే మనసు కదులుతుంది. హక్కా అనే చైనా భాషా సమూహపు కొట్లవాళ్ళని సర్కారు గుమాస్తాలు పిలుపు పేరుతోనే రాసుకున్నారు, "ఆ-చుయెన్" లాగా, మొదటి "ఆ" అన్నది వట్టి సంబోధన. అది తరతరాలకి ఇంటిపేరైంది. అదే దీవికి కోరింగా ప్యాకెట్ లాంటి ఓడల్లో వెళ్ళిన తెలుగువాళ్ళకీ అదే జరిగింది. ఇంటిపేరు ఎవరూ అడగలేదు, మనిషి పేరే రాశారు, అప్పన్న అన్న పేరు అక్కడ ఇంటిపేరుగా ఉంది. ఇంటిపేరు పోయినా సింహాద్రి అప్పన్న పూజ పోలేదు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు.

ఇక గుర్తింపు దేనివల్ల నిలిచింది అంటే, కొట్టు వల్ల కాదు. కొట్టు లాభంలో కొంత పక్కకు తీసి పెట్టిన సంస్థల వల్ల. పెనాంగ్‌లో ఖూ ఇంటిపేరువాళ్ళ సంఘం ఉంది, ఖూ కొంగ్సీ. 1901లో కాలిపోతే 1906కి కొత్త మందిరం కట్టారు. చుట్టూ ఉన్న ఇళ్ళు సంఘానివే, ఆ అద్దెలతో పూజలు, పిల్లల చదువు సాయం నడుస్తాయి. ఆ ఆస్తి ఎవరి వాటాలోకీ రాదు, పంపకానికి అందదు. మలేషియాలో 1961 చట్టం తర్వాత, ప్రభుత్వ మాధ్యమంలోకి మారడానికి ఒప్పుకోని చైనా ఉన్నత పాఠశాలలు గ్రాంటు వదులుకుని ప్రైవేటుగా నిలిచాయి. ఇప్పటికీ 60 దాకా ఉన్నాయి, 1975 నుంచి సొంత ఉమ్మడి పరీక్ష నడుపుతున్నాయి. దానికి డబ్బు కొట్లవాళ్ళు, సంఘాలవాళ్ళు ఇచ్చిందే.

మనకి దగ్గర్లో కలకత్తా ఉంది, ఇక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారి దిగుతాం. అక్కడ తాంగ్రాలో హక్కా కుటుంబాల తోళ్ళ కార్ఖానాలు తరాల పాటు నడిచాయి. 1962 యుద్ధం తర్వాత దేశంలోని చైనావాళ్ళలో దాదాపు 3000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. 1996లో సుప్రీంకోర్టు కార్ఖానాలు నగరం బయటున్న బంతలాకి మారాలని చెప్పింది. కొందరు మారారు, కొందరు షెడ్లని హోటళ్ళు చేశారు, పిల్లలు టొరాంటో పోయారు. వ్యాపారం మారినా, పండగకి శ్మశానంలో పూర్వీకుల సమాధులు శుభ్రం చేయడానికి తిరిగొస్తున్నారు.

కూతుళ్ళ మాట. పాత పద్ధతిలో కూతురికి కట్నమే, వాటా లేదు. కొడుకులు లేనిచోట అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. మన ఇల్లరికమే. ఒప్పంద పత్రంలో, పుట్టే పిల్లల్లో ఫలానా వాడికి తల్లి ఇంటిపేరు అని స్పష్టంగా రాసేవాళ్ళు. మలక్కా, పెనాంగ్‌లో బాబాలనే పాత చైనా సంతతి కుటుంబాల్లో అల్లుడు అత్తారింట్లో ఉండటం మామూలే. సత్తా ఉన్న గుమాస్తాని అల్లుడిగా చేసుకుని కొట్టు నిలబెట్టుకున్న ఇళ్ళు చాలా. కొడుకు ఎవడు పుడతాడో మన చేతిలో లేదు, అల్లుణ్ణి మాత్రం ఏరుకోవచ్చు కదా.

---

బొబ్బిలి_చిట్టాఆవర్జా

కూతుళ్ళ విషయంలో మన చట్టం వాళ్ళ ఆచారం కన్నా చాలా ముందుంది, కలిపి చూడకండి. ఆంధ్రప్రదేశ్ సవరణ 5 సెప్టెంబరు 1985 నుంచే అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ పెళ్ళి షరతు తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి "ఆడపిల్లలకి ఇచ్చేశాం" అని నోటిమాటతో రాసుకున్న అన్నదమ్ముల పంపకం చెల్లదు. ఆడపడుచు సంతకం లేని పత్రంతో బ్యాంకుకి వెళ్తే వెనక్కి పంపుతారు. ఆమెకి కొట్టులో వాటా బదులు భవనంలోనో నగదులోనో ఇవ్వదలిస్తే, విలువ కట్టి, ఆమె ఒప్పుకుని, రిజిస్టరు పత్రం రాయించండి.

---

నాగావళి_ఒడ్డు

ఒక్క మాట కలపాలి. గంటస్తంభం గారు రాసినదంతా నిజం, కానీ చదివినవాళ్ళు "చైనావాళ్ళకి వ్యాపారం పుట్టుకతో వచ్చింది" అనుకోకూడదు. డచ్చివాళ్ళ కాలంలో జావాలో స్థానికుల భూమి పరాయివాళ్ళు కొనకూడదన్న నియమం 1870ల నుంచి ఉంది, చైనావాళ్ళు కూడా అందులో పరాయివాళ్ళే. భూమి దొరకదు, సర్కారు కొలువు దొరకదు, మిగిలింది కొట్టు. 1954లో ఫిలిప్పీన్స్ చిల్లర వ్యాపారం దేశీయులకే అంది, వాళ్ళు టోకుకీ, ఫ్యాక్టరీలకీ మారారు. 1959లో ఇండోనేషియా పల్లెల్లో విదేశీయుల చిల్లర కొట్లు ఆపింది, పట్నాలకి చేరారు. తలుపు మూసిన ప్రతిసారీ పక్క గదిలోకి మారారు. అలా ఎన్నోసార్లు మారిన కుటుంబాలే ఇప్పుడు మనకి కనిపిస్తున్నాయి. మారలేక మూతబడ్డ వేల కొట్లు లెక్కలోకి రావు.

---

రాజాం_సంత

అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. మా వైపు పిల్లలు గల్ఫ్‌కీ, అమెరికాకీ వెళ్తున్నారు. మారిషస్‌లో పోయినట్టు ఇంటిపేరు పోకుండా ఇప్పుడే చేయగలిగింది ఏమైనా ఉందా?

---

గంటస్తంభం_వీధి

ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి. అంతా కలిపి మొదటి పేరు గడిలో రాసేస్తే, అమెరికా వీసాలో మనిషి పేరు ఇంటిపేరు గడిలోకి జారి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. అక్కడ పుట్టే పిల్లలకి తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడిపోతుంది. 180 ఏళ్ళ కిందట మారిషస్ గుమాస్తా చేసింది ఇదే. 2022 నవంబరు నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్ళని ఆపుతోంది కూడా.

పొడి అక్షరం కాదు, పూర్తి ఇంటిపేరు రాయండి. పదో తరగతి సర్టిఫికెట్టులో, ఆధార్‌లో, పాన్‌లో ఒకటే స్పెల్లింగ్ ఉండాలి. అన్నదమ్ములంతా కూర్చుని ఆ స్పెల్లింగ్ ఒకసారి ఖాయం చేసుకోండి, చివర ఒక అక్షరం తేడా వస్తే రెండు తరాల తర్వాత అవి రెండు వంశాలు.

చైనా వంశావళి పుస్తకాల్లో ఒక్కొక్కరి కింద పుట్టిన ఊరు, వెళ్ళిన దేశం, భార్య పుట్టింటి ఇంటిపేరు, సమాధి ఉన్న చోటు రాస్తారు. పాతవాటిలో కూతుళ్ళని చాలాసార్లు వదిలేశారు, ఆ తప్పు మనం చేయొద్దు. ఒక నోటు పుస్తకం తీసుకుని, మనిషికో పేజీ ఇచ్చి, ఇంటిపేరు, గోత్రం, ఊరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, కూతుళ్ళు వెళ్ళిన ఇళ్ళు, కోడళ్ళు వచ్చిన ఇళ్ళు రాయండి. పాత తాలూకా ఎందుకంటే, 2022లో జిల్లాలు మారి రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది కదా, రేపు ఎవరైనా దూరదేశం నుంచి దస్తావేజు వెతికితే పాత పేరుతోనే దొరుకుతుంది. ఇంట్లో పెద్ద మేనమామ ఉంటే ముందు ఆయన దగ్గర మొదలుపెట్టండి, రెండు వైపుల పేర్లూ ఆయనకే తెలుస్తాయి.